రాకడ, పోకడ సరే, ఆ నిలకడ సంగతి చెప్పండి

మారేడుపల్లి: జింఖానా మైదానం దగ్గర మా మేనమామ అన్న మాట రెండు రోజులుగా వేధిస్తోంది. 1997లో మన హైదరాబాద్ క్రికెటర్ నోయెల్ డేవిడ్ నాలుగు వన్డేలు ఆడి, టెస్టు గడప తొక్కకుండానే వెనుదిరిగినప్పటి మాట. "రాకడ చూశాం, పోకడ చూశాం, నిలకడే..." ఆ తర్వాత 'లేదు' అన్నారా, 'ఇవ్వలేదు' అన్నారా? ఇది సామెతేనా?

మలక్‌పేట: ముందు అది 'నిలుకడ'. 'నిలు'లోని ఉకారాన్ని ఎవరు మింగారు?

అమీర్‌పేట: వాడుక మింగింది మాస్టారూ, ఎప్పుడో అరిగిపోయింది కూడా. నా అనుమానమంతా 'కడ' మీద. రాకడ, పోకడల్లో అది ఒట్టి ప్రత్యయం. ఇక్కడ మాత్రం 'చోటు' అనే కడ. నిలబడే చోటు, అంటే క్రీజు! కాబట్టి 'ఇవ్వలేదు' అనే అని ఉంటారు.

మలక్‌పేట: రెండింటికి ప్రత్యయం, మూడోదానికి చోటు! మీ ముచ్చట కోసం వ్యాకరణం వంగదండీ. నిజం నిలకడ మీద తెలుస్తుందంటే, నిజం క్రీజులో నిలబడుతుందా?

అమీర్‌పేట: హమ్మయ్య, 'నిలకడ' అనే రాశారు.

ఉప్పల్: స్థిరత్వమే అర్థమైతే అంబటి రాయుడికి ఏం తక్కువ? 55 వన్డేల్లో 1694 పరుగులు, సగటు 47. అంతకుముందు 2002 రంజీల్లో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. టెస్టు ఒక్కటీ లేదు.

మలక్‌పేట: 2018లో రంజీలు ఆయనే మానుకున్నారు. అదీ రాయండి.

ఉప్పల్: 2002 నుంచి 2018కి ఎన్నేళ్లో కూడా రాయమంటారా?

అమీర్‌పేట: వేమన మాత్రం టెస్టు ఆడాడా? ఎక్కువగా ఆటవెలదులే, చిన్న ఇన్నింగ్స్. కావ్యం జోలికి పోలేదు. అయినా 1829లో బ్రౌన్ దొర ఏరి అచ్చు వేయించింది ఎవరి పద్యాలు?

మలక్‌పేట: తిక్కన విరాటపర్వంలో దిగి పదిహేను పర్వాలు ఆడాడు. అదండీ నిలుకడ. ఉకారంతో.

అమీర్‌పేట: ఆయన రెండు ఫార్మాట్ల మనిషి. ఉభయకవిమిత్రుడని ఊరికే అన్నారా!

మారేడుపల్లి: మామయ్యకు ఫోను చేశాను. అసలు ఆ మాటే అనలేదట. "రాకపోకలు అని ఉంటాను, ఆ రోజు బస్సులు లేవు" అంటున్నారు.

మలక్‌పేట: రాకపోకలా? మరి అందులో 'డ' ఏమైనట్టు?