బేస్‌బాల్ ‘వాక్ రేట్’ని తెలుగులో ఎలా చెప్పాలి?

పోస్టు:
అందరికీ నమస్కారం. మేం ఉండేది టెక్సాస్‌లో. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూణ్ణెల్లుగా మాతోనే ఉన్నారు, క్రికెట్ బాగా తెలిసిన మనిషి, మా వాడితో కూర్చుని బేస్‌బాల్ చూస్తున్నారు. గ్రెగ్ మాడక్స్ అనే పిచ్చర్ (బంతి వేసేవాడు) గొప్పతనం చెబుదామని ‘ఆయన నడక రేటు చాలా తక్కువ నాన్నా’ అన్నాను, ఆయనేమో అంత నెమ్మదిగా నడుస్తాడా అని అడిగారు. తప్పు ఆయనది కాదు, మనకి నడక అంటే నడిచే తీరు, రేటు అంటే ధర, రెండూ కలిపితే అసలు సంగతి ఎక్కడా రాదు.

తెలియనివాళ్ళకి: పిచ్చర్ వేసిన బంతి, బ్యాటర్ ముందు మోకాళ్ళ నుంచి ఛాతీ దాకా ఉండే హద్దు, అంటే స్ట్రైక్ జోన్‌ బయట పోయి, బ్యాటర్ దాని మీదకి బ్యాట్ ఊపకపోతే అది ‘బాల్’. అలాంటివి నాలుగైతే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ (పరుగు దారిలో మొదటి మజిలీ) ఇచ్చేస్తారు, పరిగెత్తే పని లేదు, నడిచి వెళ్తాడు, అందుకే వాక్. పిచ్చర్ ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎంతమందికి ఇలా ఇచ్చాడన్నదే వాక్ రేట్. 1879లో తొమ్మిది బాల్స్ అయితేగానీ ఇచ్చేవాళ్ళు కాదు, మారుతూ మారుతూ 1889కి నాలుగు దగ్గర ఆగింది. దీనికి మంచి మాట చెప్పండి.

జవాబు:
‘నడిపించాడు’ మాత్రం వద్దండి, అది బండికో సంసారానికో వాడే మాట. ‘తేరగా బేస్ ఇచ్చాడు’ అంటే? తేరగా అంటే కష్టపడకుండా దొరికిందని ఏ ఊళ్ళో అయినా అర్థమవుతుంది.

జవాబు:
అన్నా, తేరగా బాగుంది కానీ బ్యాటర్‌కి అన్యాయం. గంటకి 95 మైళ్ళ మీద వచ్చే బంతిని జోన్ బయటదని కనిపెట్టి బ్యాట్ ఆపుకోవడం తేలిక కాదు కదా. పైగా వాక్ రేట్ బ్యాటర్లకి కూడా లెక్కేస్తారు, అక్కడ అది ఎక్కువైతే మెచ్చుకోలు. ‘వదిలేశాడు’ అనీ అనకండి, క్రికెట్‌లో బంతి వదిలేసేది బ్యాటర్, తికమక అవుతుంది.

జవాబు:
నా మటుకు నాకు వాక్‌ని వాక్ అనే ఉంచాలి, వైడ్‌నీ నోబాల్‌నీ మనం ఎప్పుడూ తెలుగు చెయ్యలేదు. చిక్కంతా ‘రేట్’తోనే. దానికి తెలుగులో నామవాచకం వెతకడమే పొరపాటు, మన దగ్గర ‘నూటికి’ ఉంది కదా. మాడక్స్ కెరీర్‌లో 20,421 మంది బ్యాటర్లకి (ఒకే మనిషి మళ్ళీ వస్తే మళ్ళీ లెక్కే) బంతులేసి 999 మందికి వాక్ ఇచ్చాడు, అంటే ‘నూటికి ఐదుగురికి’. ఐదు శాతం అంటే లెక్క వినిపిస్తుంది, ఐదుగురు అంటే మనుషులు కనిపిస్తారు. పైగా ఆ 999లో 177 కావాలని ఇచ్చినవే, ప్రమాదకరమైన బ్యాటర్‌ని తప్పించుకోడానికి, అవి తీసేస్తే నూటికి నలుగురే.

జవాబు:
మా హ్యూస్టన్‌లో ఆడిన పిచ్చర్ నోలన్ ర్యాన్‌ని కూడా ఇలాగే చెప్పొచ్చు. 22,575 మందిలో 2,795 వాక్‌లు, అంతకంటే ఎక్కువ ఇచ్చినవాడు ఇంకెవరూ లేరు, నూటికి పన్నెండు మంది. అయినా 5,714 స్ట్రైకౌట్లూ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చెయ్యడం) ఆయనవే, అదీ రికార్డే. వాక్‌లు ఎక్కువని చెత్త పిచ్చర్ అనుకోకూడదు, ఆ బంతిని కొట్టడమే గగనం, అందుకే అన్ని వాక్‌లు ఇచ్చినా నిలదొక్కుకున్నాడు.

జవాబు (పోస్టు పెట్టిన నేనే):
‘నూటికి’ చాలా నచ్చిందండీ, కానీ లీగ్ సగటు దగ్గర ఆగిపోయాను. అది నూటికి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, ‘ఎనిమిదిన్నర మంది’ అని ఎలా అంటాం, అరమనిషి ఉండడు కదా.

జవాబు:
వెయ్యికి లెక్క కట్టండి మరి. వెయ్యిమంది బ్యాటర్లు వస్తే మాడక్స్ 49 మందికి, ర్యాన్ 124 మందికి, వాళ్ళ కాలాల్లో మామూలు పిచ్చర్ అయితే 80కి 90కి మధ్య.

జవాబు (పోస్టు పెట్టిన నేనే):
ఇదే చెప్పాను ఇప్పుడు. నాన్నగారు కాసేపు ఆలోచించి ‘అయితే మాడక్స్ మామూలోడిలో సగం కంటే కాస్త ఎక్కువ ఇచ్చాడన్నమాట, రెండోవాడు ఒకటిన్నర రెట్లు’ అన్నారు. ఇప్పుడు ర్యాన్ పాత వీడియోలు పెట్టమంటున్నారు.