భుజ్ పునర్నిర్మాణం: పి.కె.మిశ్రా గురించి మెయిన్స్‌లో ఏం రాయాలి?

గ్రూప్1_తెనాలి:
విపత్తు నిర్వహణ ప్రశ్నకు పి.కె.మిశ్రాను ఉదాహరణగా రాద్దామనుకుంటున్నా. నోట్సుల్లో 'సమర్థంగా పనిచేశారు' అని తప్ప ఏమీ లేదు. 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోని కచ్ జిల్లాలో, అంటే భుజ్ ఉన్న చోట, అసలు పని ఎలా నడిచిందో చెప్తారా?

పాత_సెక్రటేరియట్:
కెరీర్ రెండు లైన్లలో తేల్చేయండి. ఒడిశా మనిషి, 1972 బ్యాచ్, గుజరాత్ కేడర్. తర్వాత కేంద్రంలో వ్యవసాయ కార్యదర్శి, 2019 సెప్టెంబరు నుంచి ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీ. అదే ఏడాది విపత్తు ముప్పు తగ్గింపుకి ఐక్యరాజ్యసమితి ఇచ్చే ససకావా అవార్డు.
మార్కులు మాత్రం 2001 దగ్గరే ఉన్నాయి. జనవరి 26న భూకంపం వస్తే ఫిబ్రవరి 8కల్లా జీఎస్‌డీఎంఏ, అంటే గుజరాత్ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడింది. ముఖ్యమంత్రి ఛైర్మన్, మిశ్రా సీఈవోగా చేశారు. 2003లో విపత్తు నిర్వహణపై రాష్ట్ర చట్టం వచ్చింది, కేంద్ర చట్టం 2005లో. ఈ వరుస తారుమారు చేయకండి. ఇంకోటి, మొత్తం ఘనత ఒక్క ఆఫీసరుకే కట్టబెట్టకండి, పేపరు దిద్దేవాళ్లకి నవ్వొస్తుంది.

సైట్_ఇంజనీర్:
ఇళ్ల సంగతి నేను చెప్తా. కాంట్రాక్టరుకి ఇవ్వకుండా చాలాచోట్ల ఇంటివాళ్లే కట్టుకున్నారు. నష్టాన్ని జీ1 నుంచి జీ5 దాకా గ్రేడ్ చేశారు, పూర్తిగా కూలింది జీ5. డబ్బు విడతలుగా బ్యాంకు ఖాతాలో పడేది. ఇంజనీరు వచ్చి చూసి సర్టిఫై చేస్తేనే తర్వాతి విడత. ఆయన చూసేది పునాది, లింటెల్ (తలుపులు, కిటికీల పైభాగం), కప్పు మట్టాల్లో గోడల చుట్టూ పట్టీలా పోసే కాంక్రీట్ బ్యాండు, మూలల్లో నిలువు ఇనుప ఊచలు.
ఇవి ఎందుకంటే, అక్కడి పాత గోడలు మట్టితో పేర్చిన రాళ్లు. ఊగగానే లోపలి వరస ఒకవైపు, బయటి వరస ఒకవైపు విడిపోతాయి. రెంటినీ పట్టే అడ్డరాయి ఉండదు. బ్యాండు నాలుగు గోడల్నీ కలిపి కట్టేస్తుంది.
మరమ్మతు ఇళ్ల దగ్గరే తేడా వస్తుంది. పగుళ్లకు సిమెంటు పూసి రంగేస్తే బాగున్నట్టే కనిపిస్తుంది, బలం పెరగదు.

గ్రూప్1_తెనాలి:
లోపాలు కూడా రాయాలి కదా. అద్దెకుండేవాళ్ల సంగతేంటండీ?

పాత_సెక్రటేరియట్:
సాయం ఇంటి యజమాని పేరు మీద నడిచే పద్ధతి కాబట్టి అద్దెవాళ్లు, స్థలం కాగితాలు లేనివాళ్లు వెనకబడతారు. ఇది మొదటి లోపం. రెండోది పట్టణాలు. భుజ్, అంజార్, భచావ్, రాపర్‌లలో ముందు టౌన్ ప్లాన్ తేలాలి. సందులు వెడల్పు చేయడానికి స్థలం కోయాలి, ఆ తర్వాతే ఇల్లు. అందుకే పల్లెల కంటే ఆలస్యం. ఈ రెండూ రాస్తే చాలు.