మొదటి సొంత సర్ఫ్ బోర్డు: మళ్లీ సాఫ్ట్ టాపా, హార్డ్ బోర్డా?

కళింగపట్నం కెరటం:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, నా బరువు 68 కిలోలు. రుషికొండలో అద్దెకిచ్చే 8 అడుగుల సాఫ్ట్ టాప్ (పైన మెత్తటి ఫోమ్ ఉండే బోర్డు) మీద నేర్చుకున్నాను. నురుగులో లేచి నిలబడటం వచ్చింది. విరగని అలను కూడా అప్పుడప్పుడు పట్టి, పక్కకి తిప్పగలుగుతున్నాను. ఇప్పుడు సొంత బోర్డు కొనుక్కుని కళింగపట్నంలోనే ఆడాలని ఉంది. ఒకరు మళ్లీ సాఫ్ట్ టాపే కొనమంటున్నారు. ఇంకొకరు 7 అడుగుల 6 అంగుళాల మినీ మాల్ (ముక్కు గుండ్రంగా, వెడల్పుగా ఉండే గట్టి బోర్డు) అంటున్నారు. మా బావ అయితే ఏకంగా 6 అడుగుల షార్ట్ బోర్డు చూపిస్తున్నాడు. మన తీరానికి ఏది సరిపోతుంది?

బారువ తీరం:
సాఫ్ట్ టాపే తీసుకో తమ్ముడూ. మన బీచ్‌లలో సర్ఫర్లకంటూ వేరే చోటు లేదు. నువ్వు అల పట్టే చోటే పిల్లలు స్నానాలు చేస్తారు, తెప్పలు దిగుతాయి, వలలు లాగుతారు. గట్టి బోర్డు చేతిలోంచి జారి నురుగులో ఒడ్డుకి కొట్టుకొస్తే ఎదురుగా ఉన్న పిల్లాడి గతి ఏంటి? బోర్డు అడుగున ఉండే ఫైబర్ రెక్క తగిలితే తల పగులుతుంది. పైగా నీకు ఇంకా అలల లెక్క కావాలి, మలుపుల లెక్క కాదు. పెద్ద సాఫ్ట్ టాప్ మీద రోజుకి ఎక్కువ అలలు దొరుకుతాయి.

భోగాపురం బోర్డు:
నేను ఒప్పుకోను. మన దగ్గర అల నెమ్మదిగా విరగదు. ఒడ్డు దగ్గర ఒక్కసారిగా నిలబడి దబ్బున పడుతుంది. చింతపల్లి, ముక్కాం వైపు నేను చూసేది ఇదే. అలాంటి అల మీద 8 అడుగుల చదును బోర్డు పెడితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని మనిషి ముందుకి పడతాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు పెద్దవైనప్పుడు ఆ బోర్డుని లోపలికి తీసుకెళ్లడమే గండం. షార్ట్ బోర్డుకి ముక్కు దగ్గర వంపు ఎక్కువ, అల కిందకి ముంచి దాటించొచ్చు. ఎప్పుడైనా దానికి రావాల్సిందే కదా, ఇప్పుడే రావచ్చు.

భావనపాడు ఫైబర్:
మాస్టారూ, అల గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఈ అబ్బాయికి షార్ట్ బోర్డు చెప్పడం న్యాయం కాదు. బోర్డు ఎంత తేలుతుందో దాని ఘనపరిమాణం చెబుతుంది, దాన్ని లీటర్లలో లెక్కేస్తారు. మామూలు 6 అడుగుల షార్ట్ బోర్డులో 28, 30 లీటర్లు ఉంటుంది. నేర్చుకుని ముందుకెళుతున్న దశలో మనిషి బరువులో కిలోకి సుమారు 0.7 నుంచి 0.8 లీటరు ఉండాలని మోటు లెక్క. 68 కిలోలకి అది 48 నుంచి 54 లీటర్లు. అందులో సగానికి కాస్త ఎక్కువ ఉన్న బోర్డు మీద చేతులు నొప్పెట్టేలా ఈదినా అల కిందనుంచి వెళ్లిపోతుంది. అలే దొరక్కపోతే మలుపు ఎక్కడ నేర్చుకుంటాడు? ముంచి దాటించడం కూడా ఒక్కరోజులో వచ్చే పని కాదు. అప్పటిదాకా పెద్ద బోర్డుతో టర్టిల్ రోల్ చాలు: బోర్డుని గట్టిగా పట్టుకుని తలకిందులుగా తిరిగితే నురుగు పైనుంచి పోతుంది.

నేను చెప్పేది 7'6" మినీ మాల్. వెడల్పు 22 అంగుళాలకి అటూఇటూగా ఉంటే సుమారు 50 లీటర్లు వస్తుంది. సాఫ్ట్ టాప్ కంటే ముక్కు కాస్త లేచి ఉంటుంది, అంచు గట్టిగా ఉంటుంది కాబట్టి అల ముఖం మీద పట్టు దొరుకుతుంది.

అసలు విషయం ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ అడగడం లేదు. బోర్డు పగిలితే ఎవరు బాగుచేస్తారు? కోవళం, మహాబలిపురం వైపైతే రిపేరు చేసేవాళ్లు ఉన్నారు. ఇక్కడ మనకున్నది ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రీలు. వాళ్ల దగ్గర పాలియెస్టర్ రెసిన్, గ్లాస్ మ్యాట్ ఎప్పుడూ ఉంటాయి. పీయూ బోర్డుకి, అంటే లోపల పాలియురేథేన్ ఫోమ్ ఉన్న బోర్డుకి, అదే సరుకు పనికొస్తుంది. ఎపాక్సీ బోర్డు లోపల ఉండేది థర్మోకోల్ జాతి ఫోమ్. దాని మీద పాలియెస్టర్ రెసిన్ పోస్తే ఫోమ్ కరిగి గుంట పడుతుంది. దానికి ఎపాక్సీ రెసినే కావాలి. చాలా సాఫ్ట్ టాప్‌ల లోపల కూడా ఆ థర్మోకోల్ జాతే. పైతోలు చిరిగితే జిగురుతో అతికించొచ్చు గానీ, లోపలికి నీళ్లు పట్టాక ఆ బరువు దించడం చాలా కష్టం. అందుకే పీయూ మినీ మాల్ అంటున్నాను. దెబ్బ తగిలిన రోజు నీళ్లలోంచి తీసి, పూర్తిగా ఆరబెట్టి, మేస్త్రీకి చూపిస్తే పని అయిపోతుంది.

బారువ తీరం:
రిపేరు మాట బాగుంది, నేను అలా ఆలోచించలేదు. కానీ మనుషులకి తగిలే దెబ్బ మాట ఇంకా మిగిలే ఉంది. బోర్డుకి మ్యాట్ వేయొచ్చు, పిల్లాడికి వేయలేం. సర్ఫింగ్ అంటే ఏంటో తెలియని ఊళ్లో ఒక్క ప్రమాదం జరిగితే రేపటినుంచి ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వరు.

భావనపాడు ఫైబర్:
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదన్నా. చేయగలిగింది చేయాలి. అంచులు మెత్తగా ఉండే రబ్బరు రెక్కలు దొరుకుతాయి, అవి వేసుకోవాలి. ముక్కుకి నోస్ గార్డ్ అతికించాలి. లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) బోర్డు పొడవుకి తగ్గకూడదు, తాడు ఎక్కడైనా కోసుకుపోయి ఉంటే ఆ రోజు దిగకూడదు. తెల్లారగట్ల జనం లేనప్పుడు, స్నానాలు చేసే చోటికి దూరంగా ఆడాలి. అలాగని మరీ పక్కకి జరిగి వంశధార మొగ దగ్గరికి మాత్రం పోకు తమ్ముడూ. వానల తర్వాత నది లాగుడు ఎక్కువ, మానులు కూడా కొట్టుకొస్తాయి.

భోగాపురం బోర్డు:
లీటర్ల లెక్కకి ఒప్పుకుంటాను. కానీ 7'6"లో కూడా కింది భాగం మరీ చదునుగా ఉన్నది కొనకండి. కింద నేలమీద పెట్టి పక్కనుంచి చూస్తే ముక్కు ఎంత లేచిందో తెలిసిపోతుంది. మన అలకి అదే ముఖ్యం.

కళింగపట్నం కెరటం:
చాలా థ్యాంక్స్. షార్ట్ బోర్డు ఆలోచన మానేశాను. చెన్నై వైపు ఒక వాడిన పీయూ మినీ మాల్ అమ్మకానికి ఉంది, వచ్చే వారం వెళ్తున్నాను. చూసేటప్పుడు ఏం గమనించాలి? బారువ అన్న మాట కూడా మనసులో ఉంది, రబ్బరు రెక్కలు దొరికేదాకా ఊళ్లో దించను.

భావనపాడు ఫైబర్:
డెక్ (బోర్డు పైభాగం) అంతా బొటనవేలితో నొక్కి చూడు. కిర్రుమని లోపలికి పోతే పైపొర ఊడిందన్నమాట, వదిలేయ్. బోర్డుకి అడ్డంగా గీత పడి ఉంటే అది ఒకసారి విరగబోయినది. పాత మచ్చల చుట్టూ గోధుమ రంగు దిగితే నీళ్లు తాగింది. పసుపు రంగుకి భయపడకు, పీయూకి వయసుతో అది వస్తుంది. రెక్కలు దిగే పెట్టెల చుట్టూ పగుళ్లు మాత్రం తప్పకుండా చూడు, ఆ రిపేరు మన మేస్త్రీలకి అలవాటు లేదు. తెచ్చేటప్పుడు కారు మీద కట్టి మధ్యాహ్నం ఎండలో భోజనానికి ఆగొద్దు, వేడికి పొర ఉబ్బుతుంది.