ఫోన్‌కు ఒక సైట్, కంప్యూటర్‌కు ఒక సైట్ కావాలా? ఒకటే చాలదా?

నర్సంపేట వాసి:
వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ మీద పంట అమ్మిపెట్టే) దుకాణానికి వెబ్‌సైట్ చేస్తున్నాను. రైతులు పత్తి, మిర్చి ధరలు, తమ తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఫోన్‌లో చూసుకుంటారు. గుమస్తా మాత్రం పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని బస్తాలు, తూకం, ధర ఎక్కిస్తుంటాడు. రెండు సైట్లు చేద్దామని నేను, ఒకటే చాలని నా దోస్తు. మీరేమంటారు?

హనుమకొండ డెవలపర్:
ఒకటే చెయ్యి తమ్ముడూ. రెండు సైట్ల బాధ నేను పడ్డాను. ఫోన్ సైట్ లింకును ఎవరైనా వాట్సాప్‌లో పంపితే, కంప్యూటర్లో తెరిచినవాళ్లకూ ఆ బక్క పేజీయే వచ్చేది. ఒకచోట ధర మార్చి రెండోచోట మర్చిపోయిన రోజులూ ఉన్నాయి. పరికరానికో డిజైన్ చేస్తూ పోలేమనే కదా వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ డిజైన్ గురించి రాసింది! పేజీ ఒకటే, తెర వెడల్పును బట్టి అమరిక మారుతుంది.

కాజీపేట ఆపరేటర్:
అన్నా, మీరు తయారుచేసేవాళ్లు. రోజంతా వాడే మా సంగతి కూడా వినండి. మా ఆఫీసు సైట్‌ను ఫోన్‌లో కూడా పనిచేసేలా మార్చారు. ఇదివరకు తెరమీద ఇరవై వరుసలు కనిపించేవి, ఇప్పుడు ఆరే. ట్యాబ్ కొడితే తర్వాతి గడికి పోయేది, అదీ పోయింది. సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది. 2012లో విండోస్ 8 కూడా మౌస్ వాడేవాళ్ల ముందు వేలికి తగ్గ పెద్ద పలకలు పెట్టింది. చివరికి 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూను వెనక్కి తెచ్చారు.

హనుమకొండ డెవలపర్:
మీ బాధ నిజమే. కానీ ఆ తప్పు సైట్ ఒకటే అయినందుకు కాదు, వెడల్పు ఒక్కటే చూసినందుకు. పెద్ద ట్యాబ్లెట్‌నూ వేలితోనే నొక్కుతాం. కంప్యూటర్లో విండో చిన్నది చేసుకున్నా చేతిలో ఉండేది మౌసే. పేజీ రూపాన్ని రాసే సీఎస్ఎస్ భాషలో పాయింటర్, హోవర్ అనే మీడియా క్వెరీలున్నాయి, అంటే పరికరం ఎలాంటిదో అడిగే షరతులు. నొక్కేది వేలా, మౌసా అన్నది వాటితో తెలుస్తుంది. వేలైతే బటన్ పెద్దగా ఉండాలి, ఆండ్రాయిడ్‌కు గూగుల్ చెప్పే కొలత 48 డీపీ (తెర సాంద్రతను బట్టి సర్దుకునే కొలత). మౌసైతే వరుసలు దగ్గరికి జరపొచ్చు, కానీ 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (సైట్లను అందరూ వాడగలిగేలా చేయడానికి మార్గదర్శకాలు) చెప్పిన 24 పిక్సెళ్ల కంటే బటన్ తగ్గకుండా చూసుకో. ఇంకోటి, మౌస్ పైకి తెస్తేనే తెరుచుకునే మెనూ అసలే పెట్టకు. ఫోన్ పట్టుకున్న రైతుకు అది ఉందనే తెలియదు.

కాజీపేట ఆపరేటర్:
టచ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే? పాయింటర్ క్వెరీ ముఖ్యమైన సాధనం ఒక్కటే చెప్తుంది కదా.

హనుమకొండ డెవలపర్:
ఎనీ-పాయింటర్ అని అడిగితే వేలు కూడా ఉందని తెలుస్తుంది. అప్పుడు కనీసం సేవ్, డిలీట్ బటన్లనైనా పెద్దగా, దూరదూరంగా పెట్టాలి.

నర్సంపేట వాసి:
నిన్న గుమస్తా పక్కన రెండు గంటలు కూర్చున్నాను. ఆయన మౌస్ ముట్టుకోనే లేదు. అంతా నంబర్ ప్యాడ్, ఎంటర్. బయట ఒక పెద్దాయన ఎండలో ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని, బొటనవేలితో తక్‌పట్టీ వెతుక్కుంటున్నాడు. ఇద్దరికీ ఒకే పేజీ కుదరదు. సైట్ ఒకటే, లెక్కలూ ఒకటే ఉంచి, తూకం ఎక్కించే పేజీని మాత్రం కీబోర్డ్ కోసమే విడిగా చేస్తున్నాను. విడదీయాల్సింది పనిని బట్టి, పరికరాన్ని బట్టి కాదు.

కాజీపేట ఆపరేటర్:
మంచిదే. మరి రద్దీ రోజున గుమస్తా కాంటా దగ్గరే నిలబడి ఫోన్‌లో ఎక్కించాల్సి వస్తే?

నర్సంపేట వాసి:
అది ఆలోచించలేదన్నా. రేపు పొద్దున కాంటా దగ్గరికే పోయి చూస్తాను.