లెట్ ద రైట్ వన్ ఇన్: నవల చదివాక స్వీడిష్ సినిమా చూడాలా, హాలీవుడ్ రీమేకా?

ప్రశ్న:
స్వీడిష్ రచయిత లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన రక్తపిశాచి నవల 'లెట్ ద రైట్ వన్ ఇన్' ఇంగ్లీషు అనువాదంలో చదివేశాను. 2008 స్వీడిష్ సినిమా, 2010లో మ్యాట్ రీవ్స్ తీసిన 'లెట్ మీ ఇన్', రెండూ చూడాలి. ఏది ముందు? రీమేక్ నవల పట్టుకుని తీశారా, మొదటి సినిమా పట్టుకునా? ముగింపులు చెప్పేసినా ఫర్వాలేదు.

జవాబు 1:
స్వీడిష్‌దే ముందు చూడండి. స్క్రీన్‌ప్లే లిండ్‌క్విస్టే రాశాడు, కాబట్టి నవల్లో ఏది కొయ్యాలో రాసినవాడే తేల్చుకున్నాడు.

అసలు తేడా హోకన్ దగ్గరుంది, అంటే రక్తపిశాచి అయిన ఏలీ కోసం హత్యలు చేసే పెద్దాయన దగ్గర. నవల్లో అతను ఉద్యోగం పోయిన టీచరు, పెద్దవాడయ్యాకే ఏలీకి దొరికినవాడు. స్వీడిష్ సినిమా అతని గతం గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. రీవ్స్ మాత్రం ఒక పాత ఫోటోల పట్టీ చూపించాడు. అందులో ఆబీ (రీమేక్‌లో ఏలీ పేరు) పక్కన ఓవెన్ ఈడు కుర్రాడు. ఓవెన్ అంటే ఆమెతో స్నేహం చేసే పిల్లాడు, నవల్లో ఆస్కార్. అంటే ఇప్పుడు ఆమె కోసం హత్యలు చేస్తున్న పెద్దాయన కూడా ఒకప్పుడు ఓవెన్ లాంటి కుర్రాడే. ఆ ఒక్క షాట్‌తో ఆఖరి రైలు సీన్ అర్థమే మారిపోయింది. ఆమె దాక్కున్న పెట్టె మీద మోర్స్ కోడ్ (తట్టి అక్షరాలు చెప్పే సంకేతాలు) తట్టడం రెండు సినిమాల్లోనూ ఉంది. ఒకదాంట్లో అది ప్రేమ, ఇంకోదాంట్లో ఉచ్చు. లిండ్‌క్విస్ట్ తర్వాత రాసిన 'లెట్ ద ఓల్డ్ డ్రీమ్స్ డై' కథ చదివితే ఆస్కార్ మరో హోకన్ కాలేదని తెలుస్తుంది. నా దృష్టిలో రీమేక్ చేసిన పెద్ద తప్పు ఆ ఫోటోనే.

జవాబు 2:
డిస్క్ కొనేముందు ఒకటి చూసుకోండి. అమెరికాలో మొదట వచ్చిన డీవీడీ, బ్లూరేల్లో సబ్‌టైటిళ్ళు థియేటర్లో వేసినవి కావు. మాటలు కుదించి చప్పగా చేశారు, చమత్కారం పోయింది. గొడవయ్యాక సరిచేశారు. వెనక అట్ట మీద సబ్‌టైటిల్స్ వివరాల్లో 'ఇంగ్లీష్ (థియేట్రికల్)' అని ఉన్నదే తీసుకోండి.

ఇంగ్లీషు డబ్బింగ్ జోలికి అస్సలు పోవద్దు. ఏలీగా వేసిన లీనా లియాండర్‌సన్‌కి స్వీడిష్‌లోనే వేరే అమ్మాయి, ఎలిఫ్ జైలాన్, కాస్త బరువైన గొంతుతో డబ్బింగ్ చెప్పింది. గొంతు మారితే పాత్రే మారుతుందని డబ్బింగ్ సినిమాలు చూసే మనకి వేరే చెప్పక్కర్లేదు. నవల ప్రకారం ఏలీ అసలు ఎలియాస్ అనే అబ్బాయి కదా, ఆ అనుమానం మోసేది ఈ గొంతే. తర్వాత ఒక్క క్షణం మర్మాంగం కోసేసిన గాయం మచ్చ కనిపిస్తుంది, అంతే. రీమేక్‌లో ఆ మచ్చ లేదు. అందుకే 'నేను అమ్మాయిని కాదు' అని ఆబీ అంటే, మనిషిని కాదనే అర్థం ఒక్కటే మిగిలింది.

జవాబు 3:
ఫోటో విషయం ఒప్పుకుంటాను. అయినా రీవ్స్‌ని తీసిపారేయలేం. ఆబీ కోసం హత్యలు చేసే పెద్దాయన కారు సీన్ నవల్లోనూ లేదు, స్వీడిష్‌లోనూ లేదు. కెమెరాని వెనక సీటు దగ్గర బిగించేశాడు. కారు అదుపు తప్పి పల్లంలోకి దొర్లుతుంటే కెమెరా కదలదు, కిటికీల బయట లోకమే తలకిందులవుతుంది. రక్తపిశాచిగా మారుతున్న ఒకామె మీద పిల్లులు పడే సీన్ ఎత్తేయడం కూడా మంచిదైంది. స్వీడిష్‌లో ఆ గ్రాఫిక్స్ పిల్లులు బొమ్మల్లా ఉంటాయి.

కానీ ఊరు మార్చడం దగ్గర నవల మొదటి పేజీలు పోయాయి. కథ జరిగే స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెర్గ్‌లో తొమ్మిది వేల మంది ఉన్నా చర్చి లేదని, ఊరికి గతమే లేదని అక్కడే చెప్తాడు. రీవ్స్ కథని 1983 నాటి అమెరికా ఊరు లాస్ అలమోస్‌కి తెచ్చి, భక్తురాలైన తల్లిని, టీవీలో అప్పటి అధ్యక్షుడు రీగన్ సోవియట్ యూనియన్‌ని 'దుష్ట సామ్రాజ్యం' అన్న ప్రసంగాన్ని పెట్టాడు. ఇక్కడ పిల్లాడు చెడు అనేది నిజంగా ఉందా అని తండ్రికి ఫోన్ చేసి అడుగుతాడు. రీమేక్‌లో ఆ ఫోన్ కాల్ జాగ్రత్తగా వినండి.