తల్లికి వందనం పనిచేస్తోందా? ఏం చూసి చెప్పాలి?

కొత్తపేట కుర్రాడు: పిల్లల్ని బడికి పంపే తల్లులకి ఆంధ్రా ప్రభుత్వం ఏటా డబ్బిచ్చే అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైంది, ఇప్పుడు దాని స్థానంలో తల్లికి వందనం. 15 వేలల్లో 13 వేలు తల్లి ఖాతాకి, 2 వేలు బడి నిర్వహణకి. షరతు 75 శాతం హాజరు. హాజరు పెరిగితే పథకం పనిచేసినట్టేగా?

రిటైర్డ్ అయ్యవారు: డబ్బుని హాజరుకి ముడిపెట్టి, మళ్లీ ఆ హాజరునే సాక్ష్యం అంటే రిజిస్టరు ఎటు మొగ్గుతుందో తెలీదా? గుంటూరు పక్క పల్లెలో చేశాను. తల్లులు గుమ్మం దగ్గర నిలబడి "నాలుగు రోజులే తక్కువ సార్, వేసెయ్యండి" అనేవారు. పిల్లాడు మిరప కోతకి పోయాడని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అసర్ సర్వే వాళ్లలా ఇంటికెళ్లి రెండో తరగతి పాఠం చదివించి చూడాలి.

కొత్తపేట కుర్రాడు: అసర్ పల్లెల్లోనే చేస్తారు. బెజవాడ సంగతి దాంతో ఎలా తెలుస్తుంది?

రిటైర్డ్ అయ్యవారు: నేను చెప్పింది పద్ధతి, ఊరు కాదు.

కొత్తపేట కుర్రాడు: పల్లెల్లోనేనా, కాదా? ముందు అది చెప్పండి.

గవర్నర్‌పేట: రాజకీయం తెస్తే అడ్మిన్ లాక్ చేస్తాడు, చూస్కోండి.

లెక్కల మనిషి: 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. అందుకే అప్పటికీ ఇప్పటికీ పోల్చి లాభం లేదు, కోవిడ్ దెబ్బెంతో పథకం మేలెంతో విడదీయలేం. ఒక దారుంది. కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటితే డబ్బు రాదు. 290 ఇంటికీ 310 ఇంటికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఆ పిల్లల్ని పోల్చాలి.

సింగ్‌నగర్ సుజాత: తేడా లేదా? మూడు పోర్షన్లకీ ఒకటే మీటరు, దానికి మా ఆయన ఆధార్ ఎక్కించారు. మూడిళ్ల ఫ్యాన్లూ మా లెక్కలో పడి డబ్బు ఆగింది. అడిగితే "సిస్టంలో అలాగే చూపిస్తోందమ్మా" అన్నారు. ఫీజుకి గాజులు తాకట్టు పెట్టాం.

లెక్కల మనిషి: అన్యాయమేనండీ. కానీ పోలికకి మీలాంటి ఇళ్లే కావాలి.

సింగ్‌నగర్ సుజాత: మా వాడు మీ పోలికకి దొరికిన సరుకా?! డబ్బొస్తే బాగా చదివేవాడో లేదో నాకు తెలీదు. గాజులు మాత్రం చేతికుండేవి.

రిటైర్డ్ అయ్యవారు: అమ్మా, ఆ డబ్బు చదువుకి, గాజులకి కాదు.

సింగ్‌నగర్ సుజాత: మరి తల్లి ఖాతాలో ఎందుకేస్తున్నారు సార్? అప్పు చెయ్యకుండా బడికి పంపుకోమనేగా! అప్పు తగ్గిందా అని ఇక్కడ ఒక్కరూ అడగలేదు.

లెక్కల మనిషి: అడగాల్సిందే. సర్వే ఫారంలో అప్పు, తాకట్టు కూడా ఉండాలి.

రిటైర్డ్ అయ్యవారు: పెట్టుకోండి. ఐదో తరగతికొచ్చి పేరా చదవలేని పిల్లాణ్ణి చూపించి, ఇంట్లో అప్పు తీరింది కాబట్టి పథకం హిట్టు అంటే నేనొప్పుకోను.

సింగ్‌నగర్ సుజాత: పేరా చదవడం నేర్పాల్సింది అయ్యవార్లు కదా సార్, 13 వేలా?