ఇండియన్ ఓషన్ బ్యాండ్ కొత్త పాటలు, షోలు కోనసీమలో ఉండి ఫాలో అవ్వడం ఎలాగండి?

కోనసీమ_కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర ఊరు, కొబ్బరి వ్యాపారం. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్‌లో ఒక రాత్రి కరెంటు పోయింది, మా రూమ్మేట్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఇండియన్ ఓషన్ వాళ్ళ కందీసా పాట పెట్టేడు, చీకట్లో ఆ బేస్ గిటారు, తబలా, ఆ తర్వాత అందరి గొంతులూ ఒక్కసారి లేచేసరికి నాకు ఒళ్ళు జలదరించిందండి. అది ఏ భాషో కూడా తెలీదు. బ్యాటరీ అయిపోయేవరకూ అదే పాట మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాను. అప్పట్నుంచి వాళ్ళవి దొరికినవన్నీ విన్నాను.

నాలుగేళ్ళ కిందట నాన్నగారికి ఒంట్లో బాగోక ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేసేను. పొద్దున్న లేస్తే దింపు, వలుపు, లోడు, మళ్ళీ డబ్బుల వసూళ్ళు, ఇదే సరిపోతోంది, ఈ పాటల గురించి మాట్లాడ్డానికి చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. 2023లో తూ హై ఆల్బం వచ్చిన సంగతి నాకు తెలిసేసరికి అయిదు నెలలు దాటిపోయింది, అదీ పాత పాట వింటుంటే కింద కనబడితే తెలిసింది. ఆ మధ్య హైదరాబాద్‌లో షో అయిందని మర్నాడు పాత ఫ్రెండ్ స్టేటస్‌లో చూసేను, ఆ రోజంతా అన్నం సయించలేదంటే నమ్మండి.

నేను అడిగేది ఏంటంటే, కొత్త పాట గానీ షో గానీ ముందుగా ఎక్కడ తెలుస్తుంది? ఇంకోటి, పాటలు పాడే అషీమ్ చక్రవర్తి గారు పోయేరు, గిటారు వాయించే సుస్మిత్ సేన్ గారు బ్యాండ్ వదిలేసేరు, ఇప్పుడున్న వాళ్ళని చూడ్డానికి ఇంత దూరం వెళ్ళడం సబబేనా? నేను ఒక్కసారీ లైవ్ చూడలేదండి. చూసినవాళ్ళు చెప్పండి.

రేవుగట్టు_రాజమండ్రి:

తమ్ముడూ, నీ పోస్టు చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. నేను వీళ్ళని మూడుసార్లు చూసేను, మొదటిసారి ఢిల్లీలో ఉద్యోగం చేసే రోజుల్లో, అప్పటికి అషీమ్ ఉన్నారు.

ముందు నువ్వు ఒక విషయం గమనించాలి, వీళ్ళు ఏడాదికో ఆల్బం వేసే బాపతు కాదు. 1990లో ఢిల్లీలో మొదలెట్టేరు, మొదటి ఆల్బం 1993లో, రెండోది 1997లో, అది స్టూడియోలో కాదు స్టేజీ మీద వాయిస్తుంటే రికార్డు చేసింది. కందీసా 2000లో, ఝీనీ 2003లో. ఆ తర్వాత సినిమా పాటలు చేసేరు గానీ సొంత ఆల్బం మళ్ళీ 2010లో, దానికి పేరేంటంటే కరోల్‌బాగ్‌లో వాళ్ళు ప్రాక్టీసు చేసుకునే పాత ఇంటి నంబరు, 16/330 ఖజూర్ రోడ్. ఆ పాటల్ని నెలకొకటి చొప్పున ఫ్రీగా నెట్‌లో పెట్టేసేరు, అప్పుడు నేను ప్రతి నెలా ఇంటర్నెట్ సెంటర్‌కెళ్ళి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చేవాణ్ణి. తందాను 2014లో, తూ హై 2023లో. అంటే మధ్యలో 9 ఏళ్ళు! ఆ తొమ్మిదేళ్ళూ వాళ్ళు ఊరుకోలేదు, స్టేజీ మీదే ఉన్నారు. వీళ్ళ పాట ముందు స్టేజీ మీద పుట్టి, అక్కడే అరిగి, సాగి, కుదురుకుని ఆ తర్వాతెప్పుడో రికార్డింగ్‌కి వెళ్తుంది. అందుకని వీళ్ళ కొత్త పాట నీకు ముందు దొరికేది షోలోనే, లేదా ఎవరో ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలో. బ్యాండ్ పేరు కొట్టి, అప్‌లోడ్ తేదీ బట్టి ఫిల్టర్ పెట్టి వారానికోసారి చూసుకో. నేను చేసేది అదే.

ఇక పాటలు వినే యాప్‌లో ఊరికే లైక్ కొడితే చాలదు, ఆర్టిస్ట్ పేజీకెళ్ళి ఫాలో కొట్టాలి, అప్పుడే కొత్తది వచ్చినప్పుడు చూపిస్తుంది. యూట్యూబ్‌లో సబ్‌స్క్రైబ్ చేసి గంట మీద నొక్కి అన్నీ అని పెట్టుకో. ఇన్‌స్టాలో కూడా వాళ్ళ పేజీకి నోటిఫికేషన్ ఆన్ చెయ్యి, ఊరికే ఫాలో అయితే వాడు నీకు చూపించడు. టికెట్ల యాప్‌లో చాలామంది చేసే పొరపాటు ఏంటంటే సొంతూరు పెట్టుకుంటారు, అమలాపురం పెట్టుకుంటే సినిమాలు తప్ప ఇంకేం కనపడవు కదా, హైదరాబాద్ ఒకసారి, వైజాగ్ ఒకసారి, బెంగళూరు ఒకసారి మార్చి చూస్తూండాలి. కాలేజీ ఫెస్టులైతే ఆ యాప్‌ల్లో రావు, జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ జరుగుతాయి, కొన్నిచోట్ల బయటివాళ్ళని రానివ్వరు, ముందే కనుక్కుని వెళ్ళాలి. నేను ఒకసారి కనుక్కోకుండా వెళ్ళి గేటు బయట గోడ పక్కన నిలబడి విన్నాను, అది లెక్కలోకి తీసుకోవట్లేదు.

అషీమ్ గారి సంగతి. ఆయన తబలా వాయిస్తూనే పాడేవారు. చేతులు ఒక లెక్కలో పోతుంటే గొంతు ఇంకో లెక్కలో పోయేది, రెండూ ఎక్కడో కలిసేవి, చూస్తుంటే ఇదంతా ఒక్క మనిషి ఎలా చేస్తున్నాడా అనిపించేది. 2009 డిసెంబరు 25న గుండెపోటుతో పోయేరు. ఆ వార్త చదివేక కొన్నాళ్ళు నేను ఆ పాటలు పెట్టుకోలేకపోయేను. తర్వాత హిమాన్షు జోషి పాడుతున్నారు, తుహీన్ చక్రవర్తి తబలా. 2013లో సుస్మిత్ వెళ్ళిపోయేక గిటారు నిఖిల్ రావు. రాహుల్ రామ్ బేస్ మీద, అమిత్ కిలమ్ డ్రమ్స్ మీద పాతవాళ్ళే. రెండోసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మొదటి పాట అయ్యేదాకా నేను మనసులో అషీమ్‌తోనే పోల్చుకుంటూ కూర్చున్నాను, ఆ పాటేదో కూడా గుర్తులేదు. రెండో పాటకి మర్చిపోయేను. నువ్వు వెళ్ళాలి తమ్ముడూ. ఒకప్పటి మనిషి లేడని ఇప్పుడున్న మనుషుల్ని వదిలేసుకుంటే రేపు ఈ వరస కూడా ఇలాగే ఉండదు.

డోలు_ద్రాక్షారామం:

మా ఇంట్లో మూడు తరాలుగా డోలు, డప్పు. పెళ్ళిళ్ళకీ జాతరలకీ వీరభద్రుడి సంబరాలకీ వాయిస్తాం. నేను ఈ బ్యాండ్‌ని వినడం మొదలెట్టింది పాట కోసం కాదండి, అమిత్ కిలమ్ చేతిలో ఒక వాయిద్యం చూసి. గబ్‌గుబీ అంటారు దాన్ని, బెంగాల్ బావుల్ పాటగాళ్ళది. డోలు లాంటి గుల్లకి ఒక పక్క చర్మం, ఆ చర్మం నుంచి తీగ, గుల్లని చంకలో ఇరికించుకుని తీగని ఒక చేత్తో లాగి పట్టుకుని రెండో చేత్తో మీటుతారు, లాగినకొద్దీ శబ్దం పైకి పోతుంది, వదిలితే కిందకి జారుతుంది. వీడియో చూడగానే మా నాన్న ఏమన్నారంటే ఇది మన జముకే కదరా అన్నారు. అవునండి, ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ళ దగ్గర ఉండేది అదే జాతి, తెలంగాణలో జమిడిక అంటారు. ఎక్కడ బెంగాల్ ఎక్కడ విజయనగరం, చెయ్యి మాత్రం ఒకలాగే పోతుంది.

అందుకని నాకు వీళ్ళ పాటలు పరాయివి అనిపించవు. మా కుర్రోళ్ళు రాక్ అంటే అరుపులు అనుకుంటారు. జగ్గన్నతోట ప్రభల తీర్థం ఎప్పుడైనా చూసేరా, కనుమ రోజున, పదకొండు ఊళ్ళ ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి ప్రభలు, వస్తాయి, భుజాల మీద ప్రభ ఎత్తుకుని అశ్శరభ శరభ అంటూ కాలవలో దిగి వరిచేలో దిగి వస్తుంటే డప్పు ఎక్కడా ఆగకూడదు, ఆగితే మోసేవాళ్ళ అడుగు తప్పుతుంది. ఒకే దెబ్బ మీద అరగంట ఉండి ఉండి మెల్లిగా పెంచుకుంటూ వెళ్ళాలి. వీళ్ళు స్టేజీ మీద పావుగంట పాటని పెంచే పద్ధతి అచ్చం అదే. ఫోన్ స్పీకర్లో అది తెలీదండి, ఆ కింది దెబ్బ అసలు వినపడదు. లైవ్‌లో ఛాతీకి తగులుతుంది. ఖర్చుకి వెనకాడకుండా వెళ్ళండి.

క్వాయర్_నర్సాపురం:

కందీసా ఏ భాషో తెలీదన్నారు కదా బ్రదర్, అది సిరియాక్, యేసు ప్రభువు మాట్లాడిన అరమాయిక్‌కి చెందిన భాష. కేరళలో సిరియన్ క్రైస్తవుల చర్చిల్లో తరతరాలుగా పాడుకుంటున్న ప్రార్థన. కందీసా ఆలాహా అంటే పరిశుద్ధుడైన దేవుడు అని. మేం ఆదివారం తెలుగులో పరిశుద్ధుడు పరిశుద్ధుడు అని పాడేది దాదాపు అదే అర్థం. నాకు ఈ సంగతి తెలిసిన రోజు మా క్వాయర్‌లో అందరికీ వినిపించేను, పెద్దవాళ్ళలో ఒకరు ప్రార్థనకి డ్రమ్సేంటి అన్నారు గానీ చివరిదాకా కూర్చుని విన్నారు. పాట ఎత్తుకునేటప్పుడు ఒక్కొక్క గొంతూ ఎక్కడ చేరుతోందో చూడండి, ఎవరూ ఎవరి మీదా పడరు. మాకు ఆర్నెల్లు ప్రాక్టీసు చేసినా అది రాలేదు.

ఆక్వా_భీమవరం:

పై అన్నయ్యగారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ ఒక్కటి జాగ్రత్త. ఏ షో పడితే ఆ షోకి వెళ్ళిపోకండి. నేను ఒకసారి ఒక పెద్ద సిటీలో తిండీ తాగుడూ ఉండే చోట పెట్టిన షోకి వెళ్ళేను, పక్క టేబుల్ వాళ్ళు పాట మధ్యలో పుట్టినరోజు కేకు కోసేరు, స్టేజీ మీద వాళ్ళు కళ్ళు మూసుకుని పాడుతున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది. టికెట్టు తీసుకునేముందు అది ఆడిటోరియమా, గ్రౌండా, ఇంకేదైనానా అని చూసుకోండి. గ్రౌండ్ అయితే మొదటి వరసలో స్పీకర్ ముందు నిలబడొద్దు, సౌండ్ మిక్సింగ్ చేసే బల్ల ఉంటుంది చూసేరా, దాని దగ్గర నిలబడండి, అతను ఏది వింటున్నాడో మీకూ అదే వినపడుతుంది.

ప్రయాణం సంగతి. కోనసీమకి రైలు ఇంకా రాలేదు కాబట్టి మీరు ఎలాగూ రావులపాలెం మీదుగా రాజమండ్రి రావాలి. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ గానీ గోదావరి ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. వచ్చేటప్పుడే ఇబ్బంది, షో అయ్యేసరికి రాత్రి పది అవుతుంది, సాయంత్రం బయల్దేరే గోదావరి అందదు. ఆ రాత్రికి ఎవరింట్లోనైనా ఉండి పొద్దున్నే జన్మభూమి ఎక్కితే మధ్యాహ్నం దాటేక రాజమండ్రిలో దిగుతారు. వైజాగ్‌లో షో పడిందా, ఇంకేం ఆలోచించకండి, కారేసుకుని వెళ్ళిపోవడమే.

ఇంకో మాట, ఒక్క బ్యాండ్ కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చోకుండా బెంగళూరు స్వరాత్మ, రఘు దీక్షిత్ వీళ్ళని కూడా ఫాలో అవ్వండి. మన తెలుగులో చౌరస్తా బ్యాండ్ ఉంది, మన మాటల్లోనే పాడుతున్నారు. నా మటుకు నాకు మన గోదారి యాసలో ఇలాంటి బ్యాండ్ ఒకటి రావాలని ఎంత కోరికో చెప్పలేను, డోలు అన్నయ్యగారూ మీరు ఆలోచించండి.

కోనసీమ_కుర్రోడు:

అందరికీ చేతులెత్తి దండమండి. అన్నయ్యగారు చెప్పినట్టు అన్నీ పెట్టుకున్నాను, టికెట్ల యాప్‌లో నేను నిజంగానే అమలాపురమే పెట్టుకునున్నాను ఇన్నాళ్ళూ. తేదీ బట్టి వెతికితే నేను ఎప్పుడూ వినని రకంగా వాయించిన పాత పాటలు ఎన్ని ఉన్నాయో, రాత్రి రెండింటిదాకా నిద్రపోలేదు.

నిన్న ఇంకోటి జరిగింది, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. షెడ్డులో కాయ వలుపు జరుగుతోంది, డోలు గారి మాట విని చిన్న స్పీకర్ పక్కన పెట్టి పెద్ద స్పీకర్ తెచ్చి మా రేవా పాట పెట్టేను. నాన్నగారు మంచం మీద కూర్చుని లెక్క రాసుకుంటున్నారు. కాసేపటికి పెన్ను ఆపి, ఏ రేవు గురించిరా పాడుతున్నారు అని అడిగేరు. రేవు కాదు నాన్నా రేవా, నర్మదా నదికి ఇంకో పేరు, ఆ నది ఒడ్డున ఊళ్ళవాళ్ళ పాట, ఈ బేస్ వాయించే రాహుల్ రామ్ గారు 1990ల్లో అక్కడ డ్యామ్ కింద మునిగిపోయే ఊళ్ళవాళ్ళతో నర్మదా బచావో ఆందోళనలో పనిచేసేరు, ఆ పాట అక్కడిదే అని చెప్పేను. నాన్నగారి చిన్నప్పుడు మా తాతగారు పడవ మీద పాపికొండల వైపు వెళ్ళి వెదురు తెచ్చేవారట, పోలవరం పైన ఆయన దిగిన రేవుల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలెట్టేరు, వాటిలో ఎన్ని ఊళ్ళు ఖాళీ అయిపోయేయో వలిచేవాళ్ళలో ఒకతను చెప్పేడు, అతని చెల్లెలి అత్తారు అటేనట. పాట అయిపోయింది, మళ్ళీ పెట్టమన్నారు.

హైదరాబాద్‌లో గానీ వైజాగ్‌లో గానీ ఈసారి షో పడితే నేను వెళ్తున్నాను, నాన్నగారికి కూడా తీస్తాను టికెట్టు, డాక్టరుగారిని అడిగేను, కూర్చునే చోటైతే పర్వాలేదన్నారు. కారులో ఇంకా ముగ్గురికి చోటుంది. డోలు గారూ, క్వాయర్ బ్రదర్, వచ్చేటట్టయితే చెప్పండి, రావులపాలెం సెంటర్‌లో ఎక్కించుకుంటాను.

రేవుగట్టు_రాజమండ్రి:

మూడో సీటు నాది తమ్ముడూ. పాత పెన్‌డ్రైవ్ కూడా తెస్తాను, దారిలో పెట్టుకుందాం.